తర్వాతి శనివారం

డాక్టర్ అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను వార్డు వెనక స్టాఫ్ రూమ్‌లో మైక్రోవేవ్ ముందు నిలబడి ఉన్నాను. డబ్బాలో పప్పన్నం తిరుగుతోంది. నాకున్నది అరగంట బ్రేక్, అందులో సగం అప్పటికే అయిపోయింది.

"అమ్మాయ్, మీ అంకుల్ పోయారే," అంది ఆంటీ. గొంతులో ఏడుపు లేదు, నీరసం ఉంది. "ఇందాకే టీ తాగారు. రేడియో పెట్టమన్నారు. పెట్టి, కప్పు కడిగి వచ్చేసరికి అయిపోయింది. నువ్వు డ్యూటీలో ఉన్నావా? తిన్నావా? తినే బయల్దేరు, కంగారుపడకు."

నేను నిజంగానే తిన్నాను. నిలబడి, డబ్బా ఖాళీ అయ్యేదాకా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆయన గురించి రాస్తూ అబద్ధం రాయకూడదని ముందే అనుకున్నాను. పన్నెండు గంటల డ్యూటీలో ఎనిమిదో గంట దాటాక మనిషికి ఏదీ వెంటనే తగలదు. వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్పి, నా పేషెంట్లని ఇంకొకామెకి అప్పజెప్పి, కోటు వేసుకుని బస్సెక్కి కూర్చున్నాక అప్పుడు వచ్చింది ఏడుపు. పక్క సీటు ముసలావిడ ఏమీ అడక్కుండా ఒక టిష్యూ అందించింది. న్యూకాసిల్ బస్సుల్లో ఆ మర్యాద ఇంకా ఉంది.

మన తెలుగు సంఘం సంచికకి ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. మీలో చాలామందికి ఆయన ఉగాది భోజనాల దగ్గర చివరిదాకా ఉండి బల్లలు తుడిచే పెద్దాయనగా తెలుసు. పిల్లలకి జ్వరం వస్తే క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ దొరికేలోగా ఫోన్లో ధైర్యం చెప్పిన అంకుల్‌గా తెలుసు. తెనాలి వైపు నుంచి వచ్చి, నది ఒడ్డున ఓడలు కట్టే ఊళ్ళో ముప్పై ఏళ్ళకి పైగా జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మా వీధిలో మాకు నాలుగిళ్ళ అవతల ఉండేవారు. ఆయనకీ ఆంటీకీ పిల్లల్లేరు. నాది కరీంనగర్. నా మాట వింటే చాలు ఆయనకి నవ్వు. "ఏంటమ్మా, పోయిన్రా, వచ్చిన్రా," అని ఏడిపించేవారు. "మీరు గిట్ల మాట్లాడితే మల్ల రాను అంకుల్," అనేదాన్ని. మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని.

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే మొదట జరిగేది ఒకటుంది. వంటింటి గుమ్మంలోంచి ఒక కమలాపండు గాల్లో వచ్చేది. "పట్టుకో!" అని కేక దాని వెనకే వచ్చేది. నేను ఎప్పుడూ వదిలేసేదాన్ని. మా అమ్మాయి పట్టుకునేది, పట్టుకుని "ఈజీ, తాతా," అనేది. ఆయన నావైపు తిరిగి, "పండుని చూడమ్మా. నా మొహం చూస్తావేంటి? బంతి పట్టేవాడు బంతినే చూడాలి, జనాన్ని కాదు," అనేవారు. సోఫా కిందకి దొర్లినవాటిని వంగి తీసేది మాత్రం ఆంటీ.

ఈ బంతి గోలంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి.

వాళ్ళ ఇంట్లో దేవుడి అలమారలో కింది అరలో ఒక టోపీ ఉండేది. పాత వెల్వెట్ టోపీ, రంగు ఫలానా అని చెప్పలేనంత వెలిసిపోయింది, ముందు జరీ కుచ్చు. "దేవుడి దగ్గర టోపీ ఏంటండీ," అని ఆంటీ పోరింది పోరింది, చివరికి దానికీ శుక్రవారం దుమ్ము దులపడం మొదలుపెట్టింది. అది ఒక ఆస్ట్రేలియా ఆటగాడిది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఆ దేశం జట్లు ఓడెక్కి ఇక్కడికి వచ్చి రగ్బీ ఆడటం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఆయన ఆ జట్టులో ఫుల్‌బ్యాక్. తర్వాతెప్పుడో తిరిగొచ్చి ఇక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుని, ఓడల యార్డులో పని చేసి, ఇక్కడే పోయాడు. ఆయన కూతురు అంకుల్ పేషెంటు. పెళ్ళి చేసుకోలేదు, అన్నదమ్ములు లేరు. తొంభై ఏళ్ళ వయసులో ఒకరోజు అంకుల్ క్లినిక్‌కి వచ్చి, బీపీ చూపించుకున్నాక, సంచిలోంచి ఆ టోపీ, పేపర్ కటింగ్స్ అంటించిన ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టిందట. "డాక్టర్, నాకెవరూ లేరు. వీటిని చెత్తలో వేయని మనిషి మీరొక్కరే కనిపిస్తున్నారు," అందట.

"నాకు రగ్బీ అంటే ఏంటో తెలీదమ్మా," అని ఆ కథ చెప్పినప్పుడల్లా నవ్వేవారు అంకుల్. "మన తెనాలి బుర్రకి క్రికెట్ తప్ప ఇంకోటి ఎక్కుతుందా? ఆవిడే నేర్పింది."

ఆవిడ నేర్పింది ఆయన నాకు నేర్పారు. పదిహేను మందిలో అందరికన్నా వెనక నిలబడేవాడు ఫుల్‌బ్యాక్. అతన్ని దాటితే ఇంకెవరూ లేరు. ఎత్తుగా వచ్చిన బంతిని పట్టుకోవాలి, పట్టుకునే లోపల ఎదుటి జట్టువాళ్ళు మీదికి వచ్చేస్తుంటారని తెలిసి కూడా కదలకూడదు. ఆ రోజుల్లో ముందువరస మనుషులు బంతిని కాళ్ళతో తోసుకుంటూ గుంపుగా వచ్చేవాళ్ళట. ఆ బూట్ల కింద పడి బంతిని కరుచుకోవడం కూడా ఫుల్‌బ్యాక్ పనే.

"మరి దెబ్బ తగిల్తే ఇంకొకడు వస్తడు కదా అంకుల్, సబ్‌స్టిట్యూట్?" అని అడిగాను. టీవీలో క్రికెట్ చూస్తూ పెరిగినదాన్ని, పన్నెండోవాడు లేని ఆట ఉంటుందని నాకెలా తెలుసు?

"రాడమ్మా. ఆ రోజుల్లో ఒకడు బయటికెళ్తే పద్నాలుగు మందే. మిగతావాళ్ళే మొయ్యాలి."

"మా వార్డు లెక్కనే," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ ఆటగాడి జీవితాన్ని ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించారు. సిడ్నీలో రేవు పక్కన ఏదో పేటలో పుట్టాడు. పంతొమ్మిదేళ్ళకి రెండు కాళ్ళతోనూ బంతిని తన్నగలడని పేరొచ్చింది. వాళ్ళ రాష్ట్రం జట్టులోకి మొదట ఎవరికో ఒంట్లో బాగాలేకపోతే బదులుగా వెళ్ళి, తర్వాత ఆ చోటు వదల్లేదు. ఓడ ప్రయాణంలో డెక్ మీద ప్రాక్టీసు చేస్తుంటే బంతులన్నీ ఒక్కొక్కటే సముద్రంలో పడిపోయాయి, చివరికి తాళ్ళు ఉండగా చుట్టి దాన్ని పట్టుకోవడం నేర్చుకున్నారు. ఇక్కడ దిగాక ముందు పడమటి ఊళ్ళు, తర్వాత వేల్స్, తర్వాత మన ఉత్తరాది బురద. ఒకసారి బంతిని తన్నకుండా తనే పట్టుకుని పరుగెత్తాడని కెప్టెన్ తిట్టాడు, ఎందుకంటే అప్పట్లో ఫుల్‌బ్యాక్ పరుగెత్తకూడదు. ఆ పరుగుతోనే ఆ మ్యాచ్ గెలిచారు. రెండో ఫుల్‌బ్యాక్‌కి జబ్బు చేసింది కాబట్టి వారానికి రెండు ఆటలూ తనవే, బుధవారమూ తనే, శనివారమూ తనే. వారాల తరబడి విరామం లేదు. ఈ చివరి మాట దగ్గర అంకుల్ వేలు ఆగేది.

ఆ నోట్‌బుక్‌లో ఒక్కో మ్యాచ్‌కి ఒక వరస. ఊరు, ఎవరితో, ఏం జరిగింది. కుడివైపు చివర రెండు చిన్న గళ్ళు. మొదటి దాంట్లో ఆయన సంతకం. రెండో దాంట్లో ఆంటీది, మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు ఆంటీ కూడా లైబ్రరీకి వెళ్ళి పాత పేపర్లు చూసి పెట్టినది. "మీ వార్డులో మార్ఫిన్ ఇచ్చేటప్పుడు ఇద్దరు చూసి సంతకం పెట్టరూ? ఇదీ అంతే. ఒక్కడు చూశాడంటే నేను ఒప్పుకోను," అనేవారు. నాకు ఆయనలో బాగా నచ్చిన విషయం అది. ఎవరూ అడగని, ఎవరూ చదవని ఆ పుస్తకానికి కూడా రెండో సంతకం కావాలి ఆయనకి. అందులో చివరివైపు రెండు పేజీలకి మాత్రం క్లిప్పు పెట్టి ఉండేది. అడిగితే, "అవింకా పూర్తి కాలేదు," అనేవారు.

మహాలయ పక్షంలో తర్పణం వదిలేటప్పుడు ఆయన తల్లిదండ్రులతో పాటు ఆ ఆటగాడికీ నీళ్ళు వదిలేవారు. ఒక సెప్టెంబరులో నేను అక్కడే ఉన్నాను. వెనక తోటలో చలి, పీట మీద ఫోను నిలబెట్టి, తెనాలి నుంచి పంతులుగారు వీడియోలో. తల్లి వైపు, తండ్రి వైపు అయిపోయాయి. అంకుల్ ఇంకో పేరు చెప్పారు.

"ఎవరండీ ఈయన? మీకు ఏమవుతారు?" అన్నారు పంతులుగారు.

"ఏమీ కారండీ. ఫుల్‌బ్యాక్."

"గోత్రం?"

"ఆస్ట్రేలియా."

లైన్ పోయిందనుకున్నాం. "గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు లెండి, దోషం లేదు. కానివ్వండి," అన్నారు పంతులుగారు. వంటింట్లో ఆంటీ నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుంది. అంకుల్ మాత్రం చాలా శ్రద్ధగా నువ్వులూ నీళ్ళూ వదిలారు. "ఆవిడ పోయాక ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఎవరున్నారే," అన్నారు లోపలికొచ్చి చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ, అంటే ఆ కూతురు, పోయేముందు అంకుల్‌ని ఒక్కటే కోరిందట. చిన్నప్పుడు బజార్లో మాంసం కొట్టు దగ్గర ఎవడో వాళ్ళ నాన్నని చూపించి, "మైదానం వదిలి వెళ్ళిపోయినవాడు," అన్నాడు. ఆ మాట ఎనభై ఏళ్ళు ఆవిడ చెవిలో ఉండిపోయింది. కటింగ్స్ పుస్తకం వాళ్ళ నాన్న తన చేత్తో అంటించుకున్నదే. అది ఒక మ్యాచ్ ముందువరకూ వచ్చి ఆగిపోయింది, తర్వాత పేజీలన్నీ తెల్లగా. అదే ఆయన చివరి ఆట అయ్యుంటుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆయన ఎప్పుడూ నోరు విప్పలేదు. "దెబ్బ తగిలి మోసుకెళ్ళారా, లేక నిజంగానే వదిలేసి వెళ్ళాడా? కనుక్కుని చెప్పండి డాక్టర్," అని అడిగింది. అంకుల్ మాటిచ్చారు. చెప్పేలోపల ఆవిడ పోయింది. అప్పటికి నాకు తెలిసిన కథ ఇంతే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది మీలో ఎవరికీ తెలీదు.

రెండేళ్ళ కిందట చలికాలంలో ఒకరోజు నేను డ్యూటీ మధ్యలో వార్డు వదిలి వెళ్ళిపోయాను. ఆ రోజు ఇద్దరు సిక్ కాల్ చేశారు. రోటాలో, అంటే డ్యూటీల చార్టులో, వాళ్ళ పేర్ల పక్కన ఖాళీ. పొద్దుటి నుంచి నీళ్ళు తాగలేదు. ఒక పెద్దాయన మంచం దుప్పటి మారుస్తున్నాను. మూడోసారి అది. ఆయన నన్నేమీ అనలేదు, పైగా "సారీ, పెట్," అన్నాడు, ఇక్కడివాళ్ళు 'అమ్మాయ్' అన్నట్టు. నేను దుప్పటి సగం మార్చి, సిస్టర్ దగ్గరికెళ్ళి మందుల అలమార తాళాలు చేతిలో పెట్టి, "నా వల్ల కాదు," అని నడిచి వెళ్ళిపోయాను. యూనిఫాంలోనే. చలిలో కోటు కూడా లేకుండా. వెనక మిగిలినవాళ్ళే నా మంచాలు కూడా చూసుకున్నారు. నాకు జ్వరం లేదు, దెబ్బ లేదు, ఇంట్లో చావు లేదు. ఏమీ లేదు, ఊరికే వెళ్ళిపోయాను.

ఇంటికి పోలేదు. మా ఆయనకి ఏం చెప్పాలో తెలీక అంకుల్ వాళ్ళ తలుపు కొట్టాను. ఆ రోజు పండు రాలేదు. ఆయన నా గొంతు వినగానే, హీటర్ దగ్గర కుర్చీ లాగి, ఆంటీని టీ పెట్టమన్నారు. నేను చెప్పిందంతా విన్నారు. "రేపు జీపీ దగ్గరికెళ్ళి సిక్ నోట్ తీసుకో. ఇప్పుడు టీ తాగు," అన్నారు. అంతే.

రెండు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగం మానేద్దామని ఒక మెయిల్ రాసి పెట్టుకున్నాను, పంపలేదు. అప్పటికి అంకుల్ చూపు బాగా తగ్గిపోయింది, ఎదురుగా ఉన్న మనిషి అంచులే కనబడుతున్నాయనేవారు. ఒక మధ్యాహ్నం పిలిచి, "ఇంట్లో కూర్చుని గోడలు చూస్తావెందుకు, నాకో పని చేసిపెట్టు. లైబ్రరీకెళ్ళి ఆ మ్యాచ్ పేపరు నువ్వు చూసి చెప్పాలి," అన్నారు. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా "ఈ శనివారం డ్యూటీ ఉంది అంకుల్," అని తప్పించుకున్నదాన్ని, ఈసారి ఆ మాట అనే వీల్లేదు.

లైబ్రరీలో పాత పేపర్లు ఫిల్ము రీళ్ళ మీద ఉంటాయి. ఒక యంత్రానికి రీలు తగిలించి, చేతిపిడి తిప్పుతుంటే తెర మీద పేజీలు జరుగుతాయి. కళ్ళు తిరిగినంత పనయింది. చివరికి దొరికింది. బుధవారం ఆట మీద, సన్నటి అక్షరాల్లో సగం కాలమ్. గంట ఆట అయ్యాక, ఆస్ట్రేలియా ఫుల్‌బ్యాక్ తన దగ్గరికొచ్చిన బంతిని పట్టుకుని, కింద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు వైపు నడిచి బయటికి వెళ్ళిపోయాడు. చూస్తే దెబ్బ ఏమీ తగిలినట్టు లేదు. జనం మొదట అర్థంకాక ఊరుకున్నారు, తర్వాత గోల చేశారు. చివరి నిమిషాల్లో ఆయన ఉండాల్సిన చోట నుంచే ఎదుటి జట్టు స్కోరు చేసి గెలిచింది.

నేను ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. వంద ఏళ్ళ కిందటి మనిషి మీద నాకు కోపం వచ్చింది. వెంటనే ఏడుపు వచ్చింది. రీలు వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, ఇచ్చేశాను.

అంకుల్ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "దొరికిందా?"

"దొరికింది అంకుల్. భుజం ఇరిగింది. ఇద్దరు పట్టుకుని బయటికి తీస్కపోయిన్రు."

ఎందుకన్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ మాట, వదిలేసి వెళ్ళిపోయాడన్న మాట, నా నోటితో నేను పలకలేకపోయాను. ఆయన తల కొంచెం పక్కకి వాల్చి విన్నారు. చూపు తగ్గినవాళ్ళు అలా వింటారు.

"అలాగా," అన్నారు. తలుపు వేస్తూ, "తర్వాతి శనివారం పేపరు చూశావా?"

"భుజం ఇరిగినోడు తర్వాతి శనివారం ఏం ఆడ్తడు అంకుల్?"

ఆయన గట్టిగా నవ్వారు. "అదీ నిజమేలే. కానీ రీలు అదే కదమ్మా. ఇంకాస్త తిప్పితే వచ్చేది."

"బస్సుకి టైమైంది."

"మళ్ళీ ఎప్పుడైనా వెళ్తావా?"

"చూస్త అంకుల్," అన్నాను. వెళ్ళలేదు. రెండేళ్ళలో ఆయన ఇంకో రెండుసార్లు అడిగారు, అదీ మాటల మధ్యలో, తేలిగ్గా. రెండుసార్లూ రోటా అడ్డం పెట్టాను. నిజంగానే రోటా అడ్డం వచ్చింది కూడా, ఎందుకంటే నేను వార్డుకి తిరిగి వెళ్ళాను. మొదటి రోజు ఎవరైనా ఏదైనా అంటారని చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. తాళాలు తీసుకున్న ఆ సిస్టర్ ఇవాళ్టికీ ఆ మాట ఎత్తలేదు. అనేసి ఉంటే బాగుండేదేమో. ఎవరు ఇద్దరు పక్కకెళ్ళి మాట్లాడుకున్నా నా గురించే అనిపించేది. మధ్యలో వదిలేసి వెళ్ళినది అనే పేరు నాకు నేనే పెట్టుకుని, దాన్ని రోజూ యూనిఫాంతో పాటు తొడుక్కుని వెళ్తున్నాను. దానికి తోడు, కళ్ళు కనబడని పెద్దాయనకి అబద్ధం చెప్పానన్న బాధ. ఆయన ఆ అబద్ధాన్ని నమ్మి, ఆ టోపీ ముందు నిశ్చింతగా దణ్ణం పెట్టుకుంటున్నారనుకున్నాను. చెప్పేయాలని ఎన్నిసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళానో. వెళ్తే పండు వచ్చేది, నేను వదిలేసేదాన్ని, మాట పక్కకి పోయేది. పోయిన నెల ఆయనే పోయారు.

ఇక్కడ దహనానికి కూడా వంతు రావాలి. పదహారు రోజులు ఆగాం. లీడ్స్ నుంచి మేనల్లుడు వచ్చి జరపాల్సింది జరిపించాడు. ఓడల యార్డు ఊరినుంచి ఆయన పాత పేషెంట్లు ఇరవై మంది దాకా వచ్చారు, ముసలివాళ్ళు, నల్ల కోట్లలో. అన్నీ అయ్యాక ఒక ఆదివారం ఆంటీ నన్ను పిలిచి నోట్‌బుక్ చేతిలో పెట్టింది.

"ఇది నీకిమ్మన్నారే. క్లిప్పు పెట్టిన పేజీలు నువ్వే తియ్యాలన్నారు. నన్ను కూడా చూడనివ్వలేదు, చూడు, యాభై ఏళ్ళు కాపరం చేసినదాన్ని."

ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి క్లిప్పు తీశాను.

ఆ మ్యాచ్ వరస అక్కడే ఉంది. ఆయన కళ్ళు బాగున్న రోజుల నీలి సిరా. "గంట ఆడాక మైదానం వదిలి వెళ్ళాడు. దెబ్బ లేదు. బంతి కింద పెట్టి నడిచి వెళ్ళాడు." పక్క గడిలో ఆయన సంతకం. రెండో గడి ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో, "ఆమెకి చెప్పలేకపోయాను. ఇంకా దొరకలేదన్నాను. నాలుగు నెలలకి ఆమె పోయింది."

అంటే ఆయనకి ముందే తెలుసు. నేను గబగబా వెనక్కి ఆలోచించుకున్నాను. తను చూడలేదని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నువ్వు చూసి చెప్పు అన్నారు, అంతే.

ఆ కింది వరస కూడా నీలి సిరాలోనే. "తర్వాతి శనివారం. ఆడాడు. చివరిదాకా. ఇది చూసింది ఆమె పోయాక. ఆ రోజే రీలు ఇంకో నాలుగు చుట్లు తిప్పి ఉంటే ఆమెకి చెప్పగలిగేవాణ్ణి." ఇక్కడా సంతకం ఉంది, రెండో గడి ఖాళీ. ఆ తర్వాత ఇంకా తొమ్మిది వరసలు ఉన్నాయి, ఓడెక్కి తిరిగి వెళ్ళేదాకా. అన్నిటిలోనూ ఆయన ఆడాడు.

పేజీ అడుగున నల్ల మార్కర్‌తో, గీత దాటి వంకరటింకరగా, చూపు పోయాక రాసిన అక్షరాలు. ఒక్కోటి వేలెడంత. "అమ్మాయి చూసింది. భుజం అంది. నాలాగే అక్కడే ఆపేసినట్టుంది. చెప్పేద్దామనుకున్నాను. కానీ తనే చూడాలి."

మా అమ్మాయి వచ్చి, "అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్?" అని అడిగింది. "తాత నన్ను పట్టుకున్నడే," అన్నాను. దానికేం అర్థమైందో, వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు నాకు ఆఫ్. లైబ్రరీకి వెళ్ళాను. అదే యంత్రం, అదే రీలు. వదిలేసి వెళ్ళిన పేజీ వచ్చింది. ఈసారి ఆగలేదు, పిడి తిప్పాను. శుక్రవారం, శనివారం, ఓడల వార్తలు, టోపీల ప్రకటనలు, ఆదివారం పేపరు లేదు. తిప్పుతూ పోతే శనివారం ఆట, సోమవారం పేపర్లో వచ్చింది.

ఆ రోజుల్లో పేపర్లో జట్టు పేర్లు వేసేటప్పుడు ఫుల్‌బ్యాక్‌తో మొదలుపెట్టేవాళ్ళు. మైదానంలో అందరికన్నా వెనకవాడి పేరు కాగితం మీద అందరికన్నా ముందు. ఆయన పేరు అక్కడ ఉంది. కథ అప్పటికే జనానికి తెలిసిపోయింది కాబోలు, ఆయన మైదానంలోకి రాగానే గోల చేశారని రాశారు. వాన పడుతోంది. ఆట మొదలైన వెంటనే ఎదుటి జట్టు బంతిని కావాలనే ఎత్తుగా, ఆయన మీదికే తన్నింది. పద్నాలుగు మంది ముందున్నారు, వెనక ఎవరూ లేరు. ఆయన కదలకుండా నిలబడి పట్టుకున్నాడు. పేపరువాడు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశాడు.

నోట్‌బుక్ తెరిచి, వదిలి వెళ్ళిన వరసలో రెండో గడిలో సంతకం పెట్టాను. దాని కింది వరసలోనూ పెట్టాను. నా సంతకమే అది, వార్డులో రోజూ పెట్టేదే.

లైబ్రరీ ఆమె వచ్చి ఇంకో పది నిమిషాల్లో మూసేస్తామంది. పొద్దున ఏడింటికి డ్యూటీ. సరేనని చెప్పి పిడి మళ్ళీ పట్టుకున్నాను. బుధవారం ఆట వచ్చింది, మొదటి పేరు ఆయనదే. సంతకం పెట్టి ఇంకా తిప్పాను. తర్వాతి శనివారం, మొదటి పేరు ఆయనదే. మణికట్టు లాగేస్తోంది, కళ్ళు మండుతున్నాయి. ఇంకో చుట్టు తిప్పాను.